తీగ తెగిన కీబోర్డు, మౌసు

2002వ సంవత్సరమున నార్వే దేశములోని స్టావాంగరు పట్టణమున ఒక వింత జరిగెను. ఒక గృహస్థు తన యింట కూర్చుండి కంప్యూటరుపై టైపు చేయుచుండగా, ఆ అక్షరములే సుమారు 150 మీటర్ల దూరమున, వేరొక భవనములో నున్న మరియొకరి కంప్యూటరు తెరపై కూడ పడుచుండెను. ఇద్దరి వద్దను ఉన్నవి ఒకే రకపు తీగలేని కీబోర్డులు. ఈ సంగతి వార్తాపత్రికల కెక్కెను. అట్లు ఎదుటివారి తెరపై పడిన అక్షరములు ఒక ఉత్తరములోని మాటలు కావచ్చును. బ్యాంకు ఖాతాకు సంబంధించిన రహస్యపదము కూడ కావచ్చును.

కీబోర్డుకు తీగ యున్నచో ఇట్టిది జరుగుట కవకాశమే లేదు. తీగ యొక కొన కీబోర్డునందును, రెండవ కొన కంప్యూటరునందును ఉండును. ఏ కీబోర్డు ఏ కంప్యూటరుదో కంటికి కనబడుచునే యుండును. మనము గమనింపకపోయినను ఆ సన్నని తీగ నాలుగు పనులు చేయుచుండెను. మొదటిది, సంకేతములను మోయుట. రెండవది, కీబోర్డునకు కావలసిన విద్యుచ్ఛక్తిని అందించుట. మూడవది, ఎవరి కీబోర్డు ఎవరి కంప్యూటరునకు చెందినదో నిర్ణయించుట. నాలుగవది, సంకేతము పరుల పాలు గాకుండ కాపాడుట. తీగను తెంచిన నాడు ఈ నాలుగు పనులును నిలిచిపోయినవి. వానిని ఒక్కొక్కదానిని వేరొక మార్గమున నెరవేర్చుటయే తీగలేని కీబోర్డు, మౌసుల చరిత్ర. నేడు పాఠశాలలోని కంప్యూటరు గదిలో మౌసు కదలకపోయినను, కీబోర్డు పలుకకపోయినను, లోపము చాలవరకు ఈ నాలుగింటిలో ఏదో యొకదానియందే యుండును.

వెలుతురుపై ప్రయాణము

మౌసు పుట్టుకకే తీగ కారణమన్నట్లు దాని పేరు చెప్పుచున్నది. అమెరికాలోని స్టాన్‌ఫర్డు పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించిన ఈ పరికరమును ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిషు 1964లో చెక్కతో తయారు చేసెను. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున పలువురి సమక్షమున దానిని ప్రదర్శించిరి. చిన్న పెట్టె, దాని వెనుక తోకవలె ఒక తీగ. అందుచేతనే అది ఎలుక యైనది.

ఆ తోకను తెంచుటకు ఇండ్లకు పోవు కంప్యూటరులలో జరిగిన తొలి ప్రయత్నములలో ప్రసిద్ధమైనది ఐ.బి.యం. వారి పీసీ జూనియరు. 1983 నవంబరులో ప్రకటింపబడిన ఈ కంప్యూటరుతో వచ్చిన కీబోర్డు పరారుణ కిరణముల ద్వారా సంకేతములను పంపెడిది. పరారుణ కిరణములు వెలుతురు వంటివే. కాని కంటికి కనబడవు. టెలివిజను రిమోటులో పనిచేయునవి ఇవియే. కీబోర్డులో నాలుగు చిన్న బ్యాటరీలను అమర్చి, ఒడిలో నుంచుకొని, గదిలో కొంత దూరము నుండి టైపు చేయవచ్చును.

అయితే వెలుతురునకున్న గుణములన్నియు ఈ కిరణములకును కలవు. అడ్డముగ పుస్తకమో, మనిషియో వచ్చినచో సంకేతము ఆగిపోవును. తీక్షణమైన వెలుతురు గ్రాహకమును తికమక పెట్టును. అన్నిటికంటె ముఖ్యమైన ఇబ్బంది తరగతి గదిలో కనబడెను. ఒకే గదిలో పెక్కు పీసీ జూనియరు యంత్రములున్నచో, ఒక కీబోర్డు వెలుతురు ప్రక్క కంప్యూటరు కంటిలోను పడును. ఇట్టి చోట్ల వాడుటకై కీబోర్డునకును కంప్యూటరునకును నడుమ తగిలించు తీగను వేరుగ అమ్మిరి! తీగ తెంచిన తొలినాళ్ళలోనే తీగ అవసరము మరల తెలియవచ్చెను. 1985 మార్చిలో ఈ యంత్రముల తయారీ నిలిచిపోవుచున్నదని ప్రకటించిరి. అందుకు కారణములు పెక్కు. కాని తరగతి గది నేర్పిన పాఠము నిలిచెను. సంకేతమును గాలిలోనికి వదలుట సులభము. దానిని ఒక్కరికే చేర్చుట కష్టము.

రేడియో తరంగముల రాక

వెలుతురు అడ్డును దాటలేదు. రేడియో తరంగము దాటును. 1991లో స్విట్జర్లాండున పుట్టిన లాజిటెక్ సంస్థ రేడియో తరంగములతో పనిచేయు తీగలేని మౌసును విపణిలోనికి తెచ్చెను. తరువాత పదునైదేండ్లపాటు ఇండ్లలో కనబడిన తీగలేని కీబోర్డులు, మౌసులు చాలభాగము 27 మెగాహెర్ట్జుల ప్రాంతమున పనిచేసినవి. పిల్లల ఆటకార్లు కూడ ఈ ప్రాంతముననే నడచెడివి.

ఇక్కడ విద్యార్థులు చిన్న లెక్క చేసి చూడవచ్చును. రేడియో తరంగముల వేగము సెకనుకు 30 కోట్ల మీటర్లు. దానిని 2 కోట్ల 70 లక్షలచే భాగించినచో తరంగదైర్ఘ్యము సుమారు 11 మీటర్లు వచ్చును. ఏరియలు చక్కగ పనిచేయుటకు అది తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతైనను ఉండుట మంచిది. అనగా సుమారు మూడు మీటర్లు. అరచేతిలో ఇముడు మౌసులో మూడు మీటర్ల ఏరియలు ఎక్కడ పట్టును? అందుచేత ఆ మౌసులోని ఏరియలు మిక్కిలి దుర్బలమైనది. సుమారు రెండు మీటర్ల దూరము దాటినచో సంకేతము నమ్మదగినదిగ ఉండెడిది కాదు. ఇనుప బల్లపై నుంచినచో ఇంకను క్షీణించెడిది.

ఆ ప్రాంతమున ఈ పరికరములకు దొరకిన మార్గములు కూడ కొద్దియే. చాల పరికరములలో రెండే మార్గములుండెను. ఒకే గదిలో నాలుగు కీబోర్డులున్నచో ఒకదానిపై ఒకటి పడక తప్పదు. దీనికి విరుగుడుగ ప్రతి పరికరమును తన సంకేతముతోబాటు ఒక గుర్తింపు సంఖ్యను పంపెడిది. గ్రాహకముపై నున్న మీటను, కీబోర్డు అడుగున నున్న మీటను నొక్కినచో గ్రాహకము ఆ సంఖ్యను జ్ఞాపకముంచుకొనును. తీగ చేసిన మూడవ పనిని, అనగా ఎవరిది ఎవరికను నిర్ణయమును, ఒక సంఖ్యకు అప్పగించిరన్నమాట. ఆ సంఖ్య ఒకటైనచో, లేక ఒకరి గ్రాహకము పొరుగువారి సంఖ్యను నేర్చుకొన్నచో ఏమగునో స్టావాంగరు సంఘటన వంటివి తెలుపుచున్నవి.

నాలుగవ పనియైన రహస్యరక్షణ సంగతి ఇంకను దయనీయము. 2007లో స్విట్జర్లాండులోని పరిశోధకులు 27 మెగాహెర్ట్జుల కీబోర్డు నొకదానిని పరీక్షించి చూడగా, అది అక్షరములను మరుగుపరచుటకు ఒకే యొక్క బైటు పొడవు గల తాళమును వాడుచున్నట్లు తేలెను. ఒక బైటులో సాధ్యమైన విలువలు 256 మాత్రమే. 256 తాళపుచెవులను ఒకదాని వెంట ఒకటి ప్రయత్నించుటకు కంప్యూటరునకు రెప్పపాటు కాలము చాలును.

2.4 గిగాహెర్ట్జుల సంత

రేడియో తరంగములలో 2.4 గిగాహెర్ట్జుల ప్రాంతము 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశమున పరిశ్రమలు, విజ్ఞానము, వైద్యము కొరకు ప్రత్యేకింపబడెను. మైక్రోవేవు పొయ్యి పనిచేయునది ఇక్కడనే. 1985లో అమెరికా ప్రభుత్వపు సమాచార ప్రసార సంఘము ఈ ప్రాంతమున తక్కువ శక్తితో లైసెన్సు లేకుండ సమాచారమును పంపుకొనుటకు అనుమతించెను. మన దేశమున 2005 జనవరిలో వెలువడిన నియమముల ద్వారా 2.4 నుండి 2.4835 గిగాహెర్ట్జుల వరకు గల ప్రాంతమునకు ఇట్టి మినహాయింపు లభించెను.

ఈ ప్రాంతమున తరంగదైర్ఘ్యము సుమారు 12.5 సెంటీమీటర్లు, దానిలో నాలుగవ వంతు మూడు సెంటీమీటర్లు. ఇట్టి ఏరియలు మౌసులో హాయిగ ఇముడును. కాని ఎవరైనను రాదగిన చోటు గనుక ఇది సంతవలె క్రిక్కిరిసినది. వైఫై, మైక్రోవేవు పొయ్యి, తీగలేని చెవిఫోనులు, మౌసులు, కీబోర్డులు అన్నియు ఇచ్చటనే అరచుచుండును.

సంతలో ఒకచోట గోల ఎక్కువైనపుడు ఇద్దరు మిత్రులు ముందుగ అనుకొన్న వేరొక మూలకు పోయి మాటాడుకొందురు. రేడియోలో ఈ ఉపాయమునకు పౌనఃపున్య గంతులని పేరు పెట్టవచ్చును. 1942 ఆగస్టు 11న సినిమా నటి హెడీ లామార్, సంగీత విద్వాంసుడు జార్జి యాంథైల్ కలసి టార్పెడోలను శత్రువు దారి తప్పింపకుండుటకై ఇట్టి పద్ధతికి పేటెంటు పొందిరి. పియానోలో 88 మెట్లు ఉన్నట్లే వారి పథకమున 88 పౌనఃపున్యములుండెను. ఈ ఆలోచన వారొక్కరిదే కాదు. కాని దాని చరిత్రలో వారి పేర్లు చెప్పక తప్పదు.

1994లో స్వీడనులోని ఎరిక్‌సన్ సంస్థయందు యాప్ హార్ట్‌సెన్ మున్నగు ఇంజనీర్లు ప్రారంభించిన పనియే తరువాత బ్లూటూత్ ఐనది. పదవ శతాబ్దపు డెన్మార్కు రాజు హెరాల్డు బ్లూటూత్ పేరు దానికి పెట్టిరి. తొలి రూపమున బ్లూటూత్ 79 మార్గముల నడుమ సెకనుకు 1,600 సార్లు గంతులు వేయును. 2003లో వచ్చిన సవరణతో, గోలగ నున్న మార్గములను గుర్తించి వానిని తప్పించుకొని గంతులు వేయుట కూడ నేర్చెను. ఐనను ఇబ్బందులు పూర్తిగ పోలేదు. 2012లో ఇంటెల్ సంస్థ ఒక విచిత్రమైన కారణమును వెల్లడించెను. సెకనుకు 500 కోట్ల బిట్ల వేగముతో పనిచేయు యూ.ఎస్.బి. 3.0 తీగలు, సాకెట్లు, డిస్కులు తమంతట తామే 2.4 గిగాహెర్ట్జుల ప్రాంతమున రేడియో రొదను వెదజల్లుచున్నవి. మౌసు గ్రాహకమును అట్టి డిస్కు ప్రక్కనే గ్రుచ్చినచో తెరపై బాణపు గుర్తు తడబడును. అర మీటరో, ఒక మీటరో పొడవుగల యూ.ఎస్.బి. పొడిగింపు తీగతో గ్రాహకమును దూరముగ నుంచినచో ఆ జబ్బు కుదురును.

ఒకే కీబోర్డు, పెక్కు ఆపరేటింగు సిస్టములు

కంప్యూటరు పనులన్నిటిని నడపు మూల కార్యక్రమమును ఆపరేటింగు సిస్టము అందురు. విండోసు, మ్యాక్ ఓఎస్, లినక్సు మున్నగునవి అట్టివి. ఒక సిస్టమున పలికిన కీబోర్డు వేరొక సిస్టమున ఎందుకు మూగబోవును? దీనికి జవాబు కూడ చరిత్రలోనే కలదు.

1996లో యూ.ఎస్.బి. ప్రమాణము వెలువడునప్పుడు మనిషి చేతితో వాడు పరికరములకు ఒక ఉమ్మడి భాషను ఏర్పరచిరి. పరికరము తగిలించగనే, తనకెన్ని మీటలున్నవో, ఏ సమాచారము ఏ వరుసలో పంపునో అదే వివరించుకొనును. అందువలన ఏ సిస్టమైనను ప్రత్యేక కార్యక్రమము లేకుండనే సాధారణమైన మౌసును, కీబోర్డును గుర్తింపగలుగును. చిన్న గ్రాహకముతో వచ్చు తీగలేని కీబోర్డు చేయు గమ్మత్తు ఏమనగా, ఆ గ్రాహకము కంప్యూటరునకు తాను తీగ కీబోర్డునేనని చెప్పుకొనును! రేడియో వ్యవహారమంతయు గ్రాహకమునకును కీబోర్డునకును నడుమ రహస్యముగ జరిగిపోవును. ఆపరేటింగు సిస్టమునకు దాని సంగతే తెలియదు. కనుకనే అట్టి కీబోర్డు సిస్టము ఇంకను మేలుకొనక ముందే, కంప్యూటరు ప్రారంభపు తెరపై కూడ పనిచేయును.

బ్లూటూత్ కీబోర్డు సంగతి వేరు. ఇందు రేడియో సంబంధమును సాధారణముగ ఆపరేటింగు సిస్టమే నడపును. మొదటిసారి జతకూర్చునప్పుడు తెరపై ఆరంకెల సంఖ్య కనబడును. దానిని ఆ కీబోర్డుపైననే టైపు చేయవలెను. ఈ చర్యవలన కీబోర్డు, సిస్టము ఒక ఉమ్మడి రహస్యపు తాళమును కల్పించుకొని, ఇరువురును దాచుకొందురు. స్టావాంగరులో లోపించిన మూడవ, నాల్గవ పనులను ఇప్పుడు ఈ తాళము చేయుచున్నది. కాని సిస్టము మేలుకొననిదే తాళము చేతికి రాదు. అందుచేత పెక్కు కంప్యూటరులలో ప్రారంభపు తెరపై బ్లూటూత్ కీబోర్డు పలుకదు. అది చెడినదని భ్రమపడరాదు.

ఒకే కంప్యూటరులో విండోసును, లినక్సును రెండింటిని ఉంచుకొన్నవారికి కలుగు చిక్కు ఇంతకంటె విచిత్రమైనది. కీబోర్డును విండోసులో జతకూర్చి, పిదప లినక్సులో జతకూర్చినచో, తిరిగి విండోసులోనికి రాగానే కీబోర్డు పలుకదు. కారణమేమి? కంప్యూటరులోని బ్లూటూత్ పరికరము ఒక్కటే, దాని చిరునామాయు ఒక్కటే. కీబోర్డు ఆ చిరునామాకు ఒకే తాళమును జ్ఞాపకముంచుకొనును. లినక్సుతో క్రొత్త తాళము కుదిరిన క్షణమున పాత తాళమును మరచిపోవును. విండోసు వద్ద పాత తాళమే మిగిలియుండును. ఇంటికి తాళము మార్చి, ఇంటివారిలో ఒకరికే క్రొత్త చెవి ఇచ్చినట్లుండును. ఒక సిస్టములోని తాళమును రెండవదానిలోనికి నకలు చేయుట, పరికరమునకు పెక్కు జతల స్థానములున్నచో ఒక్కొక్క సిస్టమునకు ఒక్కొక్క స్థానమును కేటాయించుట, లేక గ్రాహకముతో వచ్చు కీబోర్డును వాడుట దీనికి మందులు.

మరియొక పొరపాటు కూడ తరచు జరుగును. ఒక మీట నొక్కిన వేరొక అక్షరము వచ్చినచో రేడియోను నిందింతురు. కీబోర్డు అక్షరములను పంపదు. మీట స్థానమునకు ఏర్పడిన సంఖ్యను మాత్రమే పంపును. ఇంగ్లీషు కీబోర్డుపై ఏ అను అక్షరమున్న మీట సంఖ్య 4. ఆ 4ను ఏ అక్షరముగ చూపవలెనో నిర్ణయించునది ఆపరేటింగు సిస్టము. భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖ 1986లో ప్రమాణముగ స్వీకరించిన ఇన్‌స్క్రిప్టు అమరికను ఎన్నుకొన్నచో, తెలుగులో అదే మీటకు ఓత్వపు గుర్తు వచ్చును. మీట ఒకటే, సంఖ్య ఒకటే; మారినది సిస్టములోని అమరిక మాత్రమే.

ఇంకను మూయని తలుపులు

ఇప్పటి మంచి కీబోర్డులలో అక్షరములను 128 బిట్ల తాళముతో మరుగుపరచుచున్నారు. దీనిని వరుసగ ప్రయత్నించి తెరచుట అసాధ్యము. ఐనను తలుపునకు గట్టి తాళము వేసి కిటికీని మరచుట మనుష్య స్వభావము. 2016లో అమెరికాలోని పరిశోధకులు ఇట్టి కిటికీని కనుగొనిరి. కీబోర్డు సంకేతములను మరుగుపరచిన తయారీదారులు మౌసు కదలికలలో రహస్యమేమున్నదని వానిని తెరచియే వదలిరి. పరులెవరైనను మౌసువలె నటించి, దాని మార్గమున కీబోర్డు సంకేతములను పంపినచో, కొన్ని గ్రాహకములు వానిని కూడ స్వీకరించెను. అనగా దూరము నుండియే ఒకరి కంప్యూటరులో తాము కోరినది టైపు చేయవచ్చును. పెక్కు సంస్థల పరికరములలో ఈ లోపము కనబడెను. కొన్ని గ్రాహకముల లోపలి కార్యక్రమమును సవరించుట సాధ్యమైనది. కొన్నిటికి ఆ వీలే లేదు. పరీక్షా ఫలితములను, వేతనములను నమోదు చేయు కంప్యూటరులకు నేటికిని తీగ కీబోర్డే మేలనుట ఇందుచేతనే.

లోపమును వెదకు క్రమము

కంప్యూటరు గదిలో తీగలేని పరికరము మొరాయించినపుడు తీగ చేసిన నాలుగు పనులను వరుసగ తలచుకొన్నచో చాలును.

మొదట విద్యుచ్ఛక్తి. బ్యాటరీని మార్చి చూడవలెను. దగ్గరగ నున్నపుడు పలికి, దూరమైనపుడు మూగబోవుట బ్యాటరీ క్షీణతకు ఒక లక్షణము. శక్తిని పొదుపు చేయుటకై సిస్టము యూ.ఎస్.బి. సాకెట్టును, బ్లూటూత్ పరికరమును నిద్రపుచ్చుట కూడ కలదు. కొంతసేపు వాడనపుడే లోపము కనబడుచున్నచో ఆ పొదుపు ఏర్పాటును తొలగించి చూడవలెను.

రెండవది సంకేతము. గ్రాహకమును ఇనుప పెట్టె వెనుక నుండి ముందుకు తెచ్చి, యూ.ఎస్.బి. 3.0 డిస్కులకు దూరముగ నుంచవలెను. బాణపు గుర్తు గాజుబల్లపై మాత్రమే తడబడుచున్నచో తప్పు రేడియోది కాదు; మౌసు అడుగున నున్న కాంతి నేత్రము నునుపైన గాజుపై గుర్తులను చూడజాలదు. ఒక కాగితము పరచినచో సరిపోవును.

మూడవది సంబంధము. అదే పరికరమును వేరొక కంప్యూటరునకు తగిలించి చూడవలెను. అక్కడ పలికినచో పరికరము మంచిదే. మొదటి కంప్యూటరులో పాత జతను తొలగించి మరల జతకూర్చవలెను. ప్రారంభపు తెరపై పలికి, సిస్టము వచ్చిన పిదప మూగబోయినచో లోపము సిస్టమునందు కలదు.

నాల్గవది రక్షణ. ఇది చెడినపుడు ఏ లక్షణమును కనబడదు. అన్నియు చక్కగ పనిచేయుచునే యుండును. స్టావాంగరులోని గృహస్థునకు తన కీబోర్డు బాగుగనే పలికినది. పొరుగింట కూడ పలుకుచున్నదను సంగతియే ఆయన తెర చెప్పలేదు. కనుక మొదటి మూడింటిని లోపము వచ్చినపుడు వెదకవలెను. నాల్గవదానిని పరికరమును కొనుటకు ముందే విచారింపవలెను.